విద్యార్థుల ప్రయాణవ్యయము



1913లో ప్రథమాంధ్రమహాసభ మన బాపట్లలో జరిగినది. దూరప్రాంతముల ప్రతినిధులు ప్రయాణమై వచ్చుటచేతనే యది మహాసభ యయ్యెను. నేడా ప్రయాణము విద్యార్థిసంఘముల వంతు.

ఇంజనీరింగు విద్యార్థులకు 2007లో పీతంపురమున "బాజా" పోటీ ప్రారంభమైనది. (మంగళవాద్యము గాదు!) విద్యార్థులే బండిని నిర్మించి, ఎగుడుదిగుడు నేలపై నాలుగు గంటలు నడిపి, పరీక్షకుల ప్రశ్నలకు బదులు చెప్పవలెను.

రేపల్లె వాస్తవ్యుడగు నా శిష్యుడొకడు తమ సంఘము బండికి బ్రేకులమర్చెను. రైలుఛార్జి లేక పోటీకి పోజాలడయ్యెను. పిమ్మట ఛాయాపటము చూపి, "బ్రేకు బాగా పట్టినదట, మాస్టారూ" యని నవ్వెను. ఆ "అట" నన్నిప్పటికిని బాధించుచున్నది.

మన నిధి ఫీజులకు, పుస్తకములకు నిచ్చుచున్నది. ప్రయాణమునకు పద్దు లేదు. తెనాలి శాఖవారు దానిని నేడే తెఱచి, నా యొక నెల పింఛను మొదట వ్రాసికొన ప్రార్థన.