శిలీంధ్రమునకు శిలీంధ్రమే విరుగుడు

(ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంటునందలి తెలుగు సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను చదివినది చరిత్ర. చేయునది సచివాలయములో దస్త్రముల పని. వ్యవసాయమును గూర్చి మాటలాడుటకు నాకేమి అర్హత యని మీరడుగవచ్చును. శ్రీకాకుళము ప్రాంతమున మా అన్నగారు సాగుచేయుచున్న కొద్దిపాటి మెట్టభూమియే నా అర్హత. ఇచ్చటి రైల్వే క్వార్టర్లలో కాపురముండియు స్వగ్రామమున అరయెకరమో, ఎకరమో నిలుపుకొన్నవారు మీలోను గలరు.

మేదినీపురము గడ్డపై నిలిచి తెగుళ్ళ మాట యెత్తినపుడు 1942వ సంవత్సరము జ్ఞప్తికి రాక మానదు. ఆ అక్టోబరులో తుపాను ఈ ప్రాంతమును ముంచెత్తినది. ఆ యేటనే బెంగాలు వరికి గోధుమరంగు మచ్చతెగులు సోకినది. కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకులుగా నుండిన ఎస్. వై. పద్మనాభన్, 1943 కరువునకు ఈ తెగులే ముఖ్యకారణమని 1973లో వ్రాసిరి. తిండిగింజల కొరతకంటె పేదల కొనుశక్తి నశించుటయే కారణమని 1981లో అమర్త్యసేన్ వాదించిరి. నాకు సేన్ వాదమే బలముగా తోచును. అయినను, కంటికానని బూజొకటి అంతటి చర్చకు కారణమగుట సామాన్యవిషయమా?

అన్ని శిలీంధ్రములును శత్రువులు కావు. ట్రైకోడెర్మా యను పచ్చని బూజు నేలలో సహజముగనే యుండును. అది ఇతర శిలీంధ్రములను పట్టి చంపునని 1932లో అమెరికాయందు వైన్డ్‌లింగ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. శత్రువు పోగులను చుట్టుకొని, వాని గోడలను కరగించు ఎంజైములను స్రవించి, లోని సారమును గ్రహించును. రైలుపెట్టెలో చేతిరుమాలు పరచి చోటు పట్టినట్లు, వేళ్ళచుట్టు స్థలమును ముందుగనే ఆక్రమించును గూడ!

మా అన్నగారి వేరుశనగచేనిలో ఒకయేడు మొక్కల మొదళ్ళయందు తెల్లని పోగులు, ఆవగింజలవంటి గుండ్లు కానవచ్చి, మొక్కలు గుంపులుగా వాడిపోయినవి. మరుసటియేడు ఒక దుకాణమునుండి ట్రైకోడెర్మా పొడి తెచ్చి విత్తనమునకు పట్టించిరి. ఫలము లేదు. విచారింపగా, పొట్లముపై గడువు ముగిసి నెలలైనది; పైగా అదే విత్తనమునకు కార్బెండజిమ్ మందు కూడ కలిపియుండిరి. బూజును చంపు మందు మంచిబూజును మాత్రము విడుచునా? ఆ యేటి అప్పునకు మా వదినగారి గాజులు తాకట్టుకు పోయినవి.

ఇప్పుడు వారు కిలో విత్తనమునకు 10 గ్రాముల పొడి పట్టింతురు. ఎకరమునకు 2 కిలోల పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువుతోను, 10 కిలోల వేపపిండితోను కలిపి, నీరు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి, పదిపదిహేను దినములుంచి, తేమగల నేలలో చల్లుదురు. మొక్కలు చచ్చుట తగ్గినది, పూర్తిగా పోలేదు. నేలనుండి సోకు కుళ్ళుతెగుళ్ళకే యిది ముఖ్యముగా పనికివచ్చును. ఆకుమచ్చలకు దీనినే నమ్ముకొనుట నాకు సమ్మతము కాదు.

పెరటిలో మిరపనారు, తమలపుతీగ పెంచు సోదరీమణులు పొట్లము కొనునపుడు తయారైన తేదీని తప్పక చూడగోరెదను. రెండు పొట్లములు వెంట తెచ్చితిని. సభ ముగిసిన పిదప ఈ బల్లమీద నుంచెదను.