ఇంటికి వచ్చు పశువైద్యుడు

బెంగళూరు నగరమున హెబ్బాళలో 1958 నుండి పశువైద్య కళాశాల యుండగా, క్వీన్స్ రోడ్డున ప్రభుత్వ పశువైద్యశాల యుండగా, వైద్యుని ఇంటికే పిలువనేల యని మీరడుగవచ్చును. ఈ నగరపు రద్దీలో గంటసేపు ఆటోప్రయాణమునకు ముసలి కుక్క ఓపలేదు. పిల్లి సంగతి చెప్పనే అక్కరలేదు, బుట్టను చూచినంతనే మంచము క్రింద దూరును. అట్టి ప్రాణులకు టీకాయు, గాయమునకు కట్టును, సాధారణ పరీక్షయు ఇంటియందే జరుగుట మేలు.

అయితే అన్నియు ఇంట జరుగవు. ఊపిరాడక రొప్పుచున్నను, విషము తిన్నను, మగపిల్లికి మూత్రబంధము కలిగినను, వైద్యుని రాకకై వేచియుండక తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మరల చెప్పుచున్నాను: ఊపిరి, విషము, మూత్రబంధము. ఈ మూడింటికి ఆసుపత్రియే శరణ్యము.

మరి వచ్చినవాడు నిజముగా వైద్యుడేనా? 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము చికిత్స చేయు అధికారము నమోదైన వైద్యులదే. రిజిస్ట్రేషన్ సంఖ్య అడుగుటకు మొగమాటమెందుకు? సంఖ్య అడిగి, టీకాల పుస్తకము చేతనుంచుకొని, కుక్కను గొలుసుతో కట్టి, వెలుతురుగల గది సిద్ధపరచి, అటుపిమ్మట తలుపు తీయుడు.