యువజనులకు వాలీబాల్ శిబిరము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సంఘము పేదవిద్యార్థులకు వేతనము లిచ్చుచున్నది, వసతిగృహములను పోషించుచున్నది, కల్యాణమండపములకు ధనము సమకూర్చుచున్నది. ఇవి యన్నియు శ్లాఘింపదగిన కార్యములే. ప్రతి మహాసభయందును పరీక్షలలో ప్రథమశ్రేణి నందిన బాలబాలికలను వేదికపైకి బిలిచి బహుమతు లొసగుచున్నాము. వారిని జూచి మనమెల్లరము సంతోషించుచున్నాము; సంతోషింపవలసినదే. కాని పరీక్ష తప్పిన బిడ్డకు మన మేమి యిచ్చుచున్నాము? తల్లిదండ్రుల యాశకు పది మార్కులు తగ్గినంతమాత్రమున ఇంటిలో తలయెత్తుకొనలేక తిరుగు బాలునకు మన సంఘమునందు స్థాన మెక్కడ? ఈ ప్రశ్నను మీ ముందుంచి, దానికి మాకు దోచిన యొక చిన్న సమాధానమును విన్నవించుటకై నేడు నిలిచితిమి.

2019వ సంవత్సరమున తెలంగాణములో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలోనే పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ వార్తలు చదివినప్పుడు వారే కులమువారని యడుగవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. మీకును పుట్టి యుండదు. ఇట్టి దుఃఖములకు కారణములు పెక్కులు. ఆట యొక్కటియే వానికి ఔషధమని మేము చెప్పబోము. మనసు క్రుంగిన బిడ్డకు తల్లిదండ్రుల యాదరణము కావలెను. వైద్యుని సహాయము కావలెను. అయినను ఒక్కమాట మాత్రము నిస్సంశయముగా జెప్పగలము. గెలుచుట యెట్లో నేర్పుటకు మన పిల్లలకు బడులు గలవు, ట్యూషనులు గలవు, కోచింగు కేంద్రములు గలవు. ఓడిపోయి మరల నిలుచుట యెట్లో నేర్పు చోట్లు మాత్రము బహు తక్కువ. అట్టి చోటు ఆటస్థలము. అందును వాలీబాల్ ఆటనే యేల కోరుచున్నామో వివరించెదము.

ఈ యాటను 1895లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, హోలియోక్ పట్టణపు వై.ఎం.సి.ఏ.లో వ్యాయామాధికారిగా నుండిన విలియం మోర్గన్ కల్పించెను. బాస్కెట్‌బాల్ ఆటలోని పరుగులకు, త్రోపులాటలకు ఓర్వలేని పెద్దవయసువారి కొరకు, ఒకరినొకరు తాకకుండ నడుమ వలగట్టి యాడునట్లు దీనిని రూపొందించెను. మన దేశమునకు దీనిని గొనివచ్చినదియు వై.ఎం.సి.ఏ.యే. 1920లో హ్యారీ బక్ చెన్నపట్టణమున వ్యాయామవిద్యా కళాశాలను స్థాపించెను. అచట శిక్షితులైన ఉపాధ్యాయులు దక్షిణదేశపు పాఠశాలలకు ఆధునిక క్రీడలను గొనిపోయిరి. ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు చెన్నరాజధానిలోనివే. నేడు తెలుగునాట బడి మైదానములందును, పంట కోసిన పొలములందును, ఊరిచివర ఖాళీస్థలములందును రెండు గుంజలు పాతి వల గట్టి యువకులు సాయంకాలము లాడుచుండుట మీరెల్లరు చూచినదే.

ఈ యాటకు వ్యయము స్వల్పము. కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. చుట్టును కొంత ఖాళీ యుండవలెను. రెండు స్తంభములు, ఒక వల, కొన్ని బంతులున్న జాలును. బంతి బరువు 260 మొదలు 280 గ్రాముల వరకు మాత్రమే. పండ్రెండుగురు ఒక్కసారిగా ఆడవచ్చును. పేదవాని బిడ్డ ఖరీదైన పరికరములు లేనందున వెనుకబడడు.

వ్యయమునకు మించిన కారణము ఈ యాట నియమములలోనే యున్నది. వానిలో మూడింటిని మీకు మనవి చేసెదము.

మొదటిది: ఈ యాటలో బంతిని పట్టుకొనరాదు, ఒక్కడే వెంటవెంట రెండుమారులు తాకరాదు. ఒక పక్షమువారు మూడు దెబ్బలలో బంతిని వల దాటింపవలెను. అడ్డుకొనుటకు ఎత్తిన చేతులకు దగిలిన దెబ్బను మాత్రము లెక్కింపరు. ఎంతటి బలశాలి యైనను బంతిని తనయొద్ద నుంచుకొనలేడు. తోడివాని కందింపక తప్పదు. ఒకడు క్రిందికి వచ్చు బంతిని ముంజేతులతో లేపవలెను. ఒకడు దానిని వల ప్రక్కకు ఒద్దికగా నెత్తి యీయవలెను. అటుపిమ్మట మూడవవాడు ఎగిరి కొట్టును. చూపరులు చప్పట్లు చరచునది మూడవవానికి. కాని రెండవవాడు, సెట్టరు అనబడు నతడు, ఎవరికి ఎప్పు డెంత యెత్తున నీయవలెనో క్షణములో నిర్ణయించుచుండును. నాయకత్వమనగా ముందు నిలిచి కేకలు వేయుట కాదనియు, తోడివాడు రాణించునట్లు పని యమర్చి పెట్టుట యనియు ఆ స్థానమున నిలిచిన బాలునకు ఒకరు చెప్పనక్కరలేకయే తెలియును.

రెండవది: ఎదుటివారి సర్వీసును గెలిచికొనినప్పు డెల్ల ఆటగాండ్రు ఆరుగురును గడియారపు ముల్లు తిరుగు దిక్కున ఒక్కొక్క స్థానము జరుగవలెను. వెనుకనున్నవాడు ముందునకు వచ్చును; ముందున్నవాడు వెనుకకు బోవును. పొడగరి యనియు పొట్టివా డనియు లేదు. ధనికుని కుమారు డనియు కూలివాని కుమారు డనియు లేదు. వరుస వచ్చినప్పుడు ప్రతివాడును సర్వీసు చేయవలసినదే. 1998 ప్రాంతమున లిబరో యను రక్షకుని స్థాన మేర్పడి, అతడు వెనుక వరుసలోనే యుండుట యాచారమైనది. కాని నేర్చుకొను పిల్లలకు ఆ మినహాయింపు వలదు. అందరును అన్ని పనులును నేర్వవలెను. పదవులు పట్టుకొని విడువలేని పెద్దలు గల సంఘముల కన్నిటికిని ఈ నియమము మంచి పాఠమని చెప్పిన, సభవారు మమ్ము మన్నింతురుగాక!

మూడవది మిక్కిలి ముఖ్యము. పూర్వము సర్వీసు చేసిన పక్షమునకే పాయింటు లభించుచుండెను. 1990ల చివర ఆ పద్ధతి మారినది. ఇప్పుడు ఎవరు తప్పు చేసినను ఎదుటివారికి పాయింటు పోవును. సెట్టు 25 పాయింట్లకు. రెండింటి యాధిక్యము కావలెను. దీనిలోని యర్థమును గమనింపుడు. 25కు 20గా గెలిచిన జట్టు, ఆ గెలుపులోనే యిరువదిమార్లు ఓడినది! ఒక్కొక్క యోటమికిని విచారించుచు గూర్చుండుటకు వ్యవధి లేదు. రిఫరీ యీల వేసిన 8 సెకనులలో సర్వీసు రావలెను. ఆ కొంచెము వ్యవధిలో ఆటగాండ్రు దగ్గరకు జేరి, తప్పు చేసినవాని చేతిని దట్టి, తిరిగి తమతమ చోట్లకు బోవుదురు. ఒక్క సాయంకాలములో ఇట్లు నూరుమార్లు తప్పు చేసి, నూరుమార్లు తోడివారి చేతిస్పర్శ నంది, మరల బంతికై మోకాళ్లు వంచి నిలిచిన బిడ్డకు, ఒక పరీక్ష తప్పిన దినమున లోకము ముగిసినదని తోచుట కొంత యరుదగునని మా విశ్వాసము.

దృష్టాంతములు లేకపోలేదు. మన భారతదేశపు పురుషుల జట్టు ఆసియా క్రీడలలో 1958లో కాంస్యమును, 1962లో రజతమును గెలిచినది. తరువాత ఇరువదినాలుగేండ్లకు గాని, 1986లో సియోల్ నగరమున మరల కాంస్యము రాలేదు. ఆ జట్టులో కేరళీయుడైన జిమ్మీ జార్జి యుండెను. అతనితో గూడ అన్నదమ్ములెనిమిదుగురును వాలీబాల్ ఆడినవారే. అదే జట్టులో మన తెలుగువాడైన పి.వి. రమణ యుండెను, 2000లో ఆయనకు అర్జున పురస్కారము లభించినది. ఆయన ధర్మపత్ని విజయయు వాలీబాల్ క్రీడాకారిణియే. వారి కుమార్తె సింధు వేరొక యాటను చేపట్టినది. ఆమె 2016లో ఒలింపిక్ రజతము గెలిచిన సంగతి లోకవిదితము. కాని మేము పిల్లలకు జెప్పదలచిన సంగతి వేరు. బాడ్మింటన్ ప్రపంచపోటీలలో 2017లో కడపటి యాటలో ఓడినది. 2018లో మరల కడపటి యాటలోనే ఓడినది. 2019లో మూడవమారు నిలిచి గెలిచినది. ఆ రెండు ఓటములను దాచిపెట్టి గెలుపును మాత్రమే చెప్పిన, పిల్లలకు సగము కథయే చెప్పినట్లగును.

ఉత్తరప్రదేశీయురాలగు అరుణిమా సిన్హా జాతీయస్థాయి వాలీబాల్ క్రీడాకారిణి. 2011లో దొంగలు ఆమెను నడచుచున్న రైలునుండి త్రోసివేయగా కాలు గోల్పోయినది. 2013 మే 21న కృత్రిమ పాదముతో ఎవరెస్టు శిఖరము నెక్కినది. మన పిల్లలందరును శిఖరము లెక్కవలెనని కాదు. పడినచోటు కడపటి చోటు కాదని వారు గ్రహించిన జాలును.

ఇచట నొక హెచ్చరిక యావశ్యకము. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో వాలీబాల్ తొలిసారి ప్రవేశపెట్టబడినప్పుడు జపాను మహిళలు స్వర్ణపతకము నందిరి. వారిలో పెక్కురు ఒక నూలుకంపెనీ జట్టువారు; పగలు పని చేసి, రాత్రి చాల ప్రొద్దువరకు సాధన చేసిరి. బంతికై నేలపై బడి, దొర్లి, ఆ యూపుతోనే లేచి నిలుచు విద్యలో వారు ప్రసిద్ధిజెందిరి. వారి శిక్షకుడు దైమత్సు అవలంబించిన కాఠిన్యము మాత్రము పలువురి విమర్శకు పాత్రమైనది. మనము ఆ దొర్లి లేచు విద్యను గ్రహింతము. ఆ కాఠిన్యమును విడుతము. బెదరించి, కొట్టి, అవమానించి నేర్పినది ధైర్యము కాదు. అది భయమునకు మరియొక రూపము.

కావున మా ప్రతిపాదనము నాలంకింపుడు. ప్రతి వేసవిని ఇరువదియొక్క దినములు మన వసతిగృహపు ఆవరణములో శిబిరము నడుపవలెను. పండ్రెండు మొదలు పదునేడేండ్ల వరకు గల బాలురు ఇరువదినలుగురు, బాలికలు ఇరువదినలుగురు చాలును. మన వేసవి యెండలు ప్రాణాంతకములు గావున ఉదయము అయిదున్నర మొదలు ఎనిమిది వరకును, సాయంకాలము అయిదు దాటిన పిమ్మటను మాత్రమే ఆడింపవలెను. మంచినీరు, ఉప్పు వేసిన మజ్జిగ కోర్టు ప్రక్కనే యుండవలెను. మొదటివారము పడుట, లేచుట, ముంజేతులతో బంతి నందుకొనుట నేర్పవలెను; రెండవవారము సర్వీసు, బంతి నెత్తి యిచ్చుట; మూడవవారము ఎగిరి కొట్టుట, పోటీలు. పెద్దల యాటలో వల యెత్తు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. పిల్లలకు దానిని తగ్గించి కట్టవలెను. రెండు పాదములపై, మోకాళ్లు వంచి దిగుట నేర్పక యెగురనీయరాదు. లేనిచో మోకాలికి, చీలమండకు దెబ్బ తగులును.

జట్టునాయకుడు దినమున కొకడు మారవలెను. వల గట్టుట, నీళ్లు సమకూర్చుట, ఆనాడు రానివాని యింటికి బోయి కుశల మడుగుట నాయకుని పనులు. రాత్రి భోజనమునకు ముందు అందరును వలయముగా గూర్చుండి, ఆనాడు తాము చేసిన తప్పొకటియు, రేపు దానిని దిద్దుకొను విధమును ఒక్కొక్కరు చెప్పవలెను. ఆ మాటలను నవ్వులాటకు వాడుకొననీయరాదు. బాలికలకు శిక్షకురాలు, బట్టలు మార్చుకొనుటకు గది, మరుగుదొడ్లు ముందుగా నేర్పడిన పిదపనే వారిని పిలువవలెను. ఏ శిక్షకుడును పిల్లవానిని ఒంటరిగా నుంచుకొనరాదు; ఎల్లప్పుడును ఇరువురు పెద్దలు సమీపమున నుండవలెను.

ఆక్షేపణలు మేమెరుగుదుము. ఆట చదువును చెరచునందురు. వేసవిలో ఇరువదియొక్క దినములు, దినమునకు నాలుగు గంటలు. చేతిలోని ఫోను ఇంతకన్న నెక్కువ కాలమును మ్రింగుటలేదా? ఆడుపిల్లలకేల యందురు. ఓటమి యాడుపిల్లల జోలికి రాదను హామీ యెవరైన నిచ్చిన, మే మీ కోర్కెను విడిచెదము. మన సొమ్ముతో నితరుల పిల్లలకేల యందురు. మేము సగము స్థానములను ఊరిలోని యెల్ల పిల్లలకును విడువవలెనని కోరుచున్నాము. ఎదుట నొక జట్టు లేనిదే ఆటయే లేదు. రేపు మన పిల్లలు చదువుకొను కళాశాలలందును, పనిచేయు కార్యాలయములందును అందరితో గలసి యుండవలసినవారే. తనవారితో మాత్రమే యాడి గెలిచినవాడు వీధి చివరకు బోగానే తడబడును.

దాతలకు ఒక్క మనవి. మీ ఔదార్యము వలననే యీ సంఘ మింతదూరము వచ్చినది. మీ పేరులు శిలాఫలకములపై జెక్కించుట మనకు వాడుక. బంతిపై జెక్కించుటకు వీలులేదు; అది దినమంతయు దెబ్బలు తిను వస్తువు. కాని యొక కల్యాణమండపమునకగు వ్యయములో కొలదిభాగముతో ఏటేట ఈ శిబిరము నడచును. దానిలో నిలదొక్కుకొన్న బిడ్డ మీ పేరును శిలకన్న భద్రముగా నుంచుకొనును.

ఈ మహాసభ ముగియుటకు లోపుగా, వచ్చు వేసవినుండి శిబిరము జరుపుటకు ఒక తీర్మానమును గావించి, యువజనులును స్త్రీలును గల యుపసంఘమును నియమింపవలసినదిగా ప్రార్థించుచున్నాము.