ఒకే తాళము

భజనగోష్ఠిలో మద్దెలకాడు తన లెక్కను నమ్ముకొనక, పాడువాని చేతి తాళమును చూచి వాయించును. కంప్యూటరుపై సంగీతమును కూర్చు సాఫ్ట్‌వేరునందును ఇదియే ధర్మము.

అందు తోడు చేరి నాదమును మార్చు, వాద్యములను మ్రోయించు చిన్న సాఫ్ట్‌వేరులకు ప్లగిన్లని పేరు. 1996లో స్టైన్‌బర్గు సంస్థ వీనికై వి.ఎస్.టి. అను పద్ధతిని వెలువరించెను.

నాదము సెకనునకు 44,100 తునుకలుగా నడచుననుకొందము. నిమిషమునకు 120 దెబ్బలైనచో దెబ్బకు 22,050 తునుకలగును. మద్దెల ప్లగిను వీనిని తానే లెక్కించుకొనుచు పోయినచో, పాటను నడిమి చరణమునకు జరిపినంతనే పాట యొక దారి, మద్దెల యొక దారి యగును. కావున తునుకల విడత చేతికందినపుడెల్ల, పాట నడచుచున్నదా, ఎన్నవ దెబ్బయొద్ద నున్నది అని ప్రధాన సాఫ్ట్‌వేరునే యడుగవలయును.

బడిలో లెక్కలు నేర్పినవాడనయ్యును, ఇచ్చట సొంత లెక్క చాలదనియే నా మనవి. గోష్ఠికి తాళమొక్కటియే.