సర్కారు వాటా దయ కాదు, మన జీతంలో భాగం
(ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



2011 సకల జనుల సమ్మెలో మీరు 42 రోజులు కొలువు పక్కన పెట్టి కొట్లాడిండ్రు. అప్పుడు విద్యార్థులుగా మేము మీ శిబిరాల్లో కూసున్నం. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. ఆ నిధుల పద్దులోనే ఇవ్వాళ ఒక్క లెక్క అడుగుదాం. ఉద్యోగికి రోగమొస్తే, యజమానిగా సర్కారు కట్టాల్సిన వాటా ఎంత?

2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగుల ఆరోగ్య పథకం తెచ్చిండ్రు. స్థాయిని బట్టి నెలకు 90, 120 రూపాయలు కోస్తమన్నరు. ఉద్యోగి వాటా 40 శాతం, సర్కారుది 60. 2014లో రాష్ట్రం వచ్చినంక ఉద్యోగి పైసా కట్టొద్దు, మొత్తం మేమే భరిస్తమన్నరు. మా జర్నలిస్టులను గూడ అందులో కలిపిండ్రు. సంబురపడ్డం. 2023 అక్టోబరు ఉత్తర్వుకొచ్చేసరికి మూలవేతనంలో ఉద్యోగి 1 శాతం, సర్కారు గూడ అంతే. అంటే సర్కారు వాటా 60 నుంచి 100కు ఎక్కి 50కి దిగింది.

ఇది న్యాయమేనా? ఈఎస్ఐ చూడండి. 2019 జూలై నుంచి కార్మికుని జీతంలో 0.75 శాతం కోస్తే, యజమాని 3.25 శాతం కట్టాలె. అందులో జబ్బు సెలవు భత్యం గూడ ఉన్నది, నిజమే. కానీ పంపకం ఎట్లున్నదో చూడండి. ఫ్యాక్టరీ యజమానికి చెప్పిన నీతి సర్కారుకు వర్తించదా? కేరళలో 2022లో మొదలైన మెడిసెప్‌లో నెలకు 500 రూపాయల ప్రీమియం ఉద్యోగులు, పెన్షనర్ల మీదనే వేసిండ్రు. ఆ దారి మనకొద్దు.

అయితే శాతం ఒక్కటే చూస్తే మోసపోతం. 2014 తర్వాత కాగితం మీద మనకు నూటికి నూరు ఉండె. కార్డు పట్టుకొని కార్పొరేట్ దవాఖానకు పోతే ఏమన్నరు? రేట్లు గిట్టుబాటు కావు, పాత బిల్లులు రాలే, పైసలు కట్టండి అన్నరు. అప్పు తెచ్చి కట్టుడు, తర్వాత రీయింబర్స్‌మెంట్ ఫైలు పట్టుకొని టేబుల్ టేబుల్ తిరుగుడు. సర్కారు వాటా సమయానికి పడకపోతే, ఉద్యోగే సర్కారుకు అప్పిచ్చినట్టు.

50 వేల మూలవేతనం మీద 1 శాతం అంటే 500. మన 500 జీతం చేతికి రాకముందే కోత పడుతది. సర్కారు 500 మాత్రం నిధుల విడుదల కోసం ఎదురుచూస్తది. ఇదే అసలు తిరకాసు.

అందుకే మూడు మాటలు గట్టిగ అడగాలె. సర్కారు వాటా 2013 నాటి 60 శాతానికి తగ్గొద్దు. మన వాటా కోసిన రోజే సర్కారు వాటా అదే ఖాతాలో పడాలె, ఆ లెక్క నెలనెలా బయట పెట్టాలె. ట్రస్టు ఏదైనా, అందులో ఉద్యోగులకు, పెన్షనర్లకు ఓటుండాలె.

రాష్ట్రం కోసం జీతం లెక్కచెయ్యనోళ్లం. ఆ జీతంలో మన భాగం అడుగుతందుకు మొహమాటమెందుకు?

జై తెలంగాణ!