తొర్రచెట్ల ఫోటోలు

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుక మీద ఉండగా పుచ్చిన చెట్ల మాటేమిటని మీరనుకోవచ్చును. ఏమి చేయుదుము, మాకు ఆ పిచ్చి ఉన్నది. నలుగురు రైల్వే గుమాస్తాలము. నలుగురికీ కలిపి ఒక పాత ఫిల్ము కెమేరా, అందులో ఎక్కించునది నలుపు తెలుపు ఫిల్మే.

మన కాలనీ చివర ఉండిన తొర్రచింత మీ అందరికీ తెలిసినదే. మొదట దానినే తీసినాము. మిట్టమధ్యాహ్నము, తెల్లని ఆకాశము. వెలుతురు కొలిచే మీటరు ఆకాశమును చూచి లెక్క చెప్పినది, మేము నమ్మినాము. ఫిల్ము కడిగి చూస్తే బెరడు చక్కగానే వచ్చినది గాని, తొర్ర ఉండవలసిన చోట ఒక మసిగుడ్డ!

ఫిల్ము మీద పడని వెలుగును ఏ డెవలపరూ తీసుకురాలేదని అప్పుడు తెలిసినది. కొలత తొర్ర లోపలిదే తీసుకోవలెను. అయితే మీటరు చీకటిని కూడా బూడిదరంగు చేయజూచును. అది చెప్పిన వెలుగులో నాలుగవ వంతు ఇస్తే చీకటి చీకటిగానే ఉండి, లోపలి పొరలు కనబడును. బయటి బెరడు మరీ తెల్లబారకుండా డెవలపరులో ఉంచే కాలము కొంచెము తగ్గించవలెను. మబ్బు పట్టిన ఉదయమైతే సగము బాధ తీరినట్లే. మూడుకాళ్ళ స్టాండు మాత్రము తప్పదు.

ఈ పాఠముతో హుబ్బళ్ళి నుండి గోల్కొండ వెళ్ళినాము. అక్కడ నయాఖిల్లాలో ఆఫ్రికా జాతి బేఓబాబ్ చెట్టు ఒకటి గలదు. ‘హాథియాన్ కా ఝాడ్’ అందురు. మాను చుట్టుకొలత సుమారు 27 మీటర్లు, లోపల బోలు. ఏనుగు తోలు వంటి ఆ ముడుతలకు రంగుతో పనేమి? వేసవిలో మోడువలె నిలిచినా వానలకు మరల చిగిర్చును. చింతకైనా వేపకైనా నడిమి చేవ ఎన్నడో చచ్చిన కొయ్య. నీరు ఎక్కునది బయటి లేతకొయ్యలో. చెట్టు పెరుగునది బెరడు క్రింది పలుచని పొరలో. అందుచేతనే తొర్రపడిన చెట్టు కూడా ఏండ్ల తరబడి కాయలు కాయును.

మేము తిరిగి వచ్చేసరికి, పుచ్చినదని చెప్పి మన చింతను కొట్టించినారు. రెండు దినములైనా మొద్దు అంచు చెమ్మగానే ఉన్నది. మా వద్ద మిగిలినది ఆ మసిగుడ్డ ఫోటోయే.

మీ ఇండ్లలో పాత ఆల్బములుండును. ఆ తొర్రలో పిల్లలను నిలబెట్టి తీయించిన ఫోటో ఎవరివద్దనైనా ఉంటే ఒక్క వారము ఇప్పించండి. నకలు తీసుకొని, అట్ట నలగకుండా మేమే మీ ఇంటికి తెచ్చి ఇచ్చెదము.