ఇనుపపెట్టె తాళపుచెవి



శ్రీమంతుల యింటి కోడలనగానే మనకు నగలే తోచును. రవీంద్రనాథ ఠాకూరు 1916లో ప్రకటించిన ‘ఘరే బాయిరే’ నవలలోని బిమల అట్టి జమీందారీ కోడలు. రూపమును చూచి గాక, సులక్షణములు గలదని జ్యోతిష్కుడు చెప్పగా ఆ యింట మెట్టినది. భార్య అంతఃపురము వీడి, లోకమును చూచిన పిమ్మటనే తన్ను వరింపవలెనని భర్త నిఖిలేశుని కోరిక. (ఇట్టి భర్త మన ఊర నున్నాడా యని అడుగకుడు!) ఆమె వెలికి వచ్చి, సందీపుని దేశభక్తి ప్రసంగములకు లొంగినది. అతడు ధనమడిగెను. ఒంటినిండ బంగారమున్న ఆ యిల్లాలు, తన యింటి ఇనుపపెట్టెనుండియే, తోడికోడండ్రకై దాచిన సొమ్మును దొంగిలింపవలసి వచ్చినది.

హిందూ స్త్రీకి తన ఆస్తిపై పూర్ణాధికారమును 1956 నాటి వారసత్వ చట్టము ఇచ్చినది. మన చందాదారుల పట్టికలో మాత్రము ఇంటి యజమాని పేరే యున్నది. కోడండ్ర పేర్లను కూడ అందు వ్రాయింపవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాను.